నిండుగా చూపిన ముల్లు

నా మొగుణ్ని పెట్రోలు దొంగ అన్నారు. ఒక ముల్లును నమ్మి అన్నారు. ఇది జరిగి ఎన్నో ఏళ్లయింది. నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని నేనెప్పుడూ అనుకోలేదు కూడా.

ఆయన పేరు జిలానీ. మోటారు కార్ల డయళ్లు బాగుచేసే మిస్త్రీ. సికింద్రాబాద్‌లో ఇంజన్లు విప్పేవాళ్లకు కొదవ లేదు. అద్దం వెనక తిరిగే ముల్లు సంగతి తెలిసినవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో. సీతాఫల్‌మండిలో మాకు ఒక గది, ఒక వసారా ఉండేవి. వసారాలో ఆయన పని. నేను లక్కగాజులు చేసే ఇంట్లో పుట్టినదాన్ని, లక్క కరిగించి పూయడం నాకు చిన్నప్పటినుంచి వచ్చు. పెట్రోలు ట్యాంకు లోపల ఒక బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలుతో పాటు లేస్తుంది, పెట్రోలుతో పాటు దిగుతుంది. దాని కడ్డీ కదిలినదాన్ని బట్టి తీగె మీద కరెంటు పోయి డయల్లో ముల్లు కదులుతుంది. ఆ బెండు పెట్రోలు పీల్చి బరువెక్కితే మునిగిపోతుంది, అందుకని దానికి లక్క పూత కావాలి. ఆ పూత నాది. మూడుసార్లు వేసేదాన్ని, ఒకటి ఆరాక ఇంకొకటి. అట్లా ఆయన పక్కన కూర్చుని తీగెలు పట్టుకుని, మరలు అందిస్తూ పదేళ్లు గడిపాను. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ముల్లు చదవడం మాత్రం వచ్చు.

హుస్సేన్‌సాగర్‌కు సికింద్రాబాద్ వైపు ఒడ్డున ఒక నవాబుకు పడవల షెడ్డు ఉండేది. అందులో పెద్దది ఒక తెరచాప పడవ. గాలి పడిపోతే ఒడ్డుకు రావడానికి దానికొక చిన్న పెట్రోలు ఇంజను కూడా పెట్టించుకున్నాడు. ఆ ఇంజనుకు కారు డయళ్లు బిగించింది మా ఆయనే. నిజాం జెండా రంగు పసుపు కదా, నవాబు భక్తి ఎంతంటే పడవ అంచుకు పసుపు, ఇంజను పెట్టెకు పసుపు, చివరికి ఎవరికీ కనిపించని పెట్రోలు ట్యాంకుకు కూడా పసుపే వేయించాడు.

పోలీసు చర్యకు ముందు చాలా నెలలు బయటినుంచి సామాను రాక ఆగిపోయింది. పెట్రోలు దొరకలేదు. పడవ ట్యాంకు అడుగున ఒక చెంబెడు మిగిలితే దాన్ని అట్లాగే ఉంచి తెరచాప మీదే తిరిగారు. తర్వాత సెప్టెంబరులో సైన్యం వచ్చింది. శుక్రవారంనాడు నిజాం సర్కారు లొంగిపోయిందని రేడియోలో చెప్పారు. నవాబు అంతకుముందే ఊరు విడిచిపోయాడు. రజాకార్లు చేసినదానికి ఎవరెవరిని పట్టుకుపోతారో తెలియదు. మా గల్లీలో గడ్డం ఉన్న మగవాళ్లెవరూ పన్నెండు రోజులు గడప దాటలేదు. మా ఆయన కూడా దాటలేదు. తలుపు సందులోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ పన్నెండు రోజుల మాట గుర్తుపెట్టుకోండి.

ఆ పన్నెండు రోజుల్లోనే ఊరంతా పసుపు చెరిపే పనిలో పడింది. జెండాలు పొయ్యిలో పోయాయి. దుకాణాల తలుపులు ఒక్క రాత్రిలో ఆకుపచ్చ అయ్యాయి. పడవల షెడ్డుకు మధుసూదన్ గారని కొత్త ఆఫీసరు వచ్చాడు. బెజవాడ వైపు మనిషి. వచ్చిన సోమవారమే పెయింటర్ తుకారాంను పిలిపించి, ఎక్కడా పసుపు చుక్క కనిపించకూడదన్నాడు. తుకారాం రోజుకొక పూత చొప్పున రెండు రోజుల్లో పడవంతా, ట్యాంకుతో సహా, నీలం రంగు పూశాడు. మూడోనాడు మధుసూదన్ గారు చేత కాగితం పట్టుకుని షెడ్డులో ఉన్న సామానంతా రాసుకున్నాడు. తాళంచెవి తిప్పి డయల్ చూశాడు. ముల్లు నిండుగా ఉంది. 'ట్యాంకు నిండుగా, పన్నెండు గ్యాలన్లు' అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. మూత తీసి లోపలికి చూడలేదు.

మా ఆయనను నెలాఖరుకు మళ్లీ షెడ్డు పనిలోకి పిలిచారు. పాత పడవల అతుకులు వేయమన్నారు. పెద్ద పడవ ఇంజను తాళంచెవి మధుసూదన్ గారి జేబులోనే ఉండేది. తాళంచెవి తిప్పితేనే ముల్లు లేస్తుంది కాబట్టి ఆ డయల్ ఎట్లా ఉందో మా ఆయన చూడనే లేదు.

అక్టోబరులో ఒక ఆదివారం మధుసూదన్ గారు ఒక మిలిటరీ మేజరునూ, ఆయన భార్యనూ, ఇంకో నలుగురినీ షికారుకు తీసుకుపోయాడు. వాళ్లు ఎక్కేముందు మా ఆయనే మధుసూదన్ గారి దగ్గరికి పోయి, "కర్ర ముంచి చూద్దాం సాబ్, చానా దినాలాయె" అన్నాడు. "డయల్ ఉండగా కర్ర ఎందుకోయ్?" అని మధుసూదన్ గారు నవ్వాడట. గాలి లేదు. ఇంజను వేసుకుని పోయారు. నీళ్ల నడుమకు చేరీ చేరకముందే అది దగ్గి ఆగిపోయింది. ముల్లు నిండుగానే ఉంది. అద్దం మీద వేలితో కొట్టారు, ఇంకా నిండుగానే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు, మేజరు భార్య చీర కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. చివరికి చేపలు పట్టేవాడొకడు గుండ్రటి పుట్టిలో వచ్చి తాడు కట్టి లాగాడు. ఒడ్డున జనం ఈలలు వేశారు.

ఒడ్డుకు వచ్చాక ట్యాంకు మూత తీశారు. చుక్క లేదు. కాగితంలో పన్నెండు గ్యాలన్లు ఉన్నాయి. షెడ్డులో పనిచేసేవాడు తురక మిస్త్రీ. వాళ్ల లెక్క తేలిపోయింది. పెట్రోలు తీసి దాక్కున్న రజాకార్లకు ఇచ్చాడు అన్నారు. ఆ సాయంత్రమే ఠాణాకు తీసుకుపోయారు.

*

మంగళవారం పొద్దున నన్ను ఆయన దగ్గరికి పోనిచ్చారు. కటకటాల వెనక కింద కూర్చుని ఉన్నాడు. కింది పెదవి వాచి పక్కకు పోయింది.

"కొట్టిన్రా?" అన్నాను.

"అది ఇడిసిపెట్టు. జెర ఇను ఖమర్. ముల్లు నిండుగ సూపిందంట. ట్యాంకుల చుక్క లేదంట. అట్లయితే తిరుగు తీగె పోయినట్టే. నువ్వు పోయి సూడు."

"నేనా? నన్ను ఆ పడవ మీద కాలు పెట్టనిస్తరా?"

"మరి ఎవల్ని పంపియ్యాలె? నాకు బయట నువ్వు గాక ఇంకెవలున్నరు?"

పక్కనున్న జవాను నావైపు చూడకుండా అన్నాడు. "సాయంత్రం నాలుగింటికి లారీ ఉంది. ఇట్లాంటోళ్లందర్నీ పెద్ద జైలుకు తీస్కపోతరు. ఆడికి పోయినంక ఎన్ని నెలలో, ఏమో."

ఆ జైలుకు పోయినవాళ్లలో మా గల్లీ మనుషులు ముగ్గురున్నారు. ఒక్కడి కబురు కూడా అప్పటికి తెలియలేదు.

నేను నేరుగా దేవకృప టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమె మా గల్లీ చివర ఉండేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ అన్నీ చదువుతుంది. "టీచరమ్మా, నాతోని వస్తవా? వాళ్లు కాగితం రాస్తే అందుల ఏమున్నదో నాకు తెల్వాలె" అన్నాను. ఆమె బడికి సెలవు చీటీ రాసి పంపి, గొడుగు తీసుకుని బయలుదేరింది.

షెడ్డు ముందు మధుసూదన్ గారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొంచెం దూరంలో తుకారాం ఇంకో పడవకు రంగు వేస్తున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. తుకారాం మా ఇంటి వెనకే ఉంటాడు, నన్ను వదినె అంటాడు, మా వసారాలో ఎన్నిసార్లు చాయ్ తాగాడో చెప్పలేను.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు మధుసూదన్ గారు.

"జిలానీ పెండ్లాన్ని సాబ్. మీ డయల్ అబద్ధం చెప్పింది. చూపిస్త, ఒక్కసారి పడవ ఎక్కనియ్యండి."

ఆయన టీచరమ్మ వైపు చూసి నవ్వాడు. "మొగుడు మిస్త్రీ, పెళ్లాం ఇంజనీరా?"

"ఆయన పెట్రోలు తీసిండని ఎవరు చూసిన్రు?" అన్నాను.

"ఎవరూ చూడనక్కర్లేదు. ముల్లు చూపించింది."

"ముల్లుకు నోరున్నదా సాబ్? దాని సాక్ష్యం మీరు రాసుకున్నరు. నా మొగునికి నోరున్నది. ఆయనను ఒక్క మాట అడగలే. ఆ నోటి మీదనే కొట్టించిన్రు."

నవ్వు పోయింది ఆయన ముఖంలోంచి. "గొంతు తగ్గించు" అన్నాడు.

"తగ్గించను."

టీచరమ్మ మెల్లగా, "పది నిమిషాల పని సార్. ఆమె మాట తప్పయితే మేమే వెళ్లిపోతాం. నిజమైతే, మేజరు గారికి చెప్పడానికి మీకు కూడా ఒక జవాబు దొరుకుతుంది" అంది.

మేజరు మాట వినగానే ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. అది కూడా నాకు మండింది. మనిషి పోతున్నాడంటే లేవని కాళ్లు మేజరు పేరు చెప్తే లేచాయి.

*

పడవ ఎక్కాక ముందు తాళంచెవి తిప్పమన్నాను. ముల్లు ఒక్క ఊపున నిండు దగ్గరికి పోయి నిలబడింది. ట్యాంకు మూత తీసి, పక్కనున్న వెదురు కర్ర తుడిచి లోపలికి దించాను. అడుగు తగిలింది. బయటకు తీసి మధుసూదన్ గారి చేతికిచ్చాను. ఎండిపోయిన కర్ర.

"ట్యాంకు ఖాళీ అని నాకూ తెలుసు" అన్నాడు. "ఖాళీ చేసిందెవరన్నదే కదా గొడవ."

"ఖాళీ ట్యాంకు ఇప్పుడు కూడ నిండుగ ఎందుకు చూపిస్తుందో అడగండి."

ఆయన డయల్ వైపు చూశాడు. రెండు రోజులుగా ఆ మాట ఎవరికీ తట్టలేదని నాకప్పుడు అర్థమైంది. ట్యాంకు ఖాళీ అని తెలిసి కూడా, అదే ట్యాంకును నిండుగా చూపించే ముల్లును పట్టుకుని మా ఆయనను దొంగ అన్నారు. ఆయన చేతిలోని కర్ర లాక్కుని పక్కన పడేశాను.

"డయల్ చెడిందేమో" అన్నాడు.

"చెడలే. చూడండి."

ట్యాంకు మీద బెండు కడ్డీ దగ్గరినుంచి డయల్‌కు పోయే తీగెను విప్పాను. ముల్లు కదల్లేదు, నిండుగానే ఉంది. ఆ తీగె కొసను తీసుకుపోయి ఇంజను ఇనుముకు ఆనించాను. ముల్లు టక్కున పడిపోయింది. ఖాళీ. తీశాను, నిండు. ఆనించాను, ఖాళీ.

"డయల్ మంచిగున్నది. ఈ తీగె మంచిగున్నది. కరెంటు తిరిగి వచ్చే తోవ తెగింది" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మా ఆయన నాకు చెప్పినట్టే చెప్పాను. మోటారు కారుకు ఒళ్లంతా ఇనుము. ఒక తీగె మీద పోయిన కరెంటు ఆ ఇనుము మీదనే తిరిగి వస్తుంది. పడవకు ఒళ్లు కర్ర. కర్ర మీద కరెంటు రాదు. అందుకని ట్యాంకు నుంచి ఇంజనుకు ఇంకొక తీగె వేయాలి. మా ఆయన దాన్ని తిరుగు తీగె అంటాడు. అది తెగితే ఈ రకం డయల్ ట్యాంకులో ఏమున్నా లేకపోయినా నిండుగానే చూపిస్తుంది.

మధుసూదన్ గారు తీగె కొసను తానే ఒకసారి ఇనుముకు ఆనించి చూశాడు. తర్వాత తెలివైన మాట దొరికినట్టు అన్నాడు. "సరే. అయితే నీ మొగుడే పెట్రోలు తీసుకుని, దొరక్కుండా ఉండటానికి ఆ తీగె తెంపి ఉంటాడు. నేను రాసుకున్న రోజున డయల్ బాగానే ఉంది, ట్యాంకు నిండుగానే ఉంది. తర్వాత తెంపాడు. ఇప్పుడేమంటావ్?"

టీచరమ్మ గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. ఒడ్డున ఉన్న గడియారం గంట కొట్టింది. పన్నెండు.

నేను మోకాళ్ల మీద కూర్చుని ఇంజను దగ్గరినుంచి తిరుగు తీగెను చేత్తో తడుముకుంటూ పోయాను. ఇంజను వైపు మర గట్టిగా ఉంది. మధ్యలో ఎక్కడా తెగలేదు. ట్యాంకు వైపు కొస ట్యాంకు వెనకకు, వెలుతురు పడని చోటికి పోయింది. చెయ్యి పెట్టి చూశాను. అక్కడ ఒక ఇత్తడి మర ఉండాలి. అది బిగించిన రోజు దీపం పట్టుకున్నది నేనే. వేలికి మర గాడి తగల్లేదు. నున్నగా, గుండ్రంగా ఏదో తగిలింది.

అద్దం ముక్క తెప్పించి వెలుతురు లోపలికి కొట్టించాను. అంతా నీలం. తీగె కొసన ఉన్న ఉంగరం నీలం, దాన్ని పట్టి ఉంచినది నీలం, చుట్టూ ట్యాంకు నీలం. ఎక్కడా గీత లేదు, పగులు లేదు. పాల మీద మీగడ కట్టినట్టు అన్నింటి మీదా ఒకే పొర.

చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

"సాబ్, నేను ముట్టకముందు మీరు చూడండి. టీచరమ్మా, నువ్వు సుత చూడు. ఈ రంగు ఏడనన్న పగిలిందా?"

ఆయన ప్యాంటు మడత నలుగుతుందని చూసుకుంటూ వంగాడు. "లేదు."

"గోరుగీత?"

"లేదన్నానుగా."

"ఉంగరం కింద ఏమున్నదో ఇప్పుడు చూడండి."

కత్తి మొనతో పొర లేపాను. నీలం పెచ్చులుగా లేచింది. లోపల తెల్లగా బయటపడింది వెదురు. ఇత్తడి మర ఉండాల్సిన బొక్కలో ఎవరో వెదురు చీల కొట్టారు. చీల కింద ఉంగరం, ఉంగరం కింద మళ్లీ నీలం, దాని కింద పాత పసుపు. ఉంగరానికి, ట్యాంకు ఇనుముకు మధ్య రంగు. రెండింటినీ కలపాల్సిన మర స్థానంలో కర్ర.

నేను లేచి నిలబడ్డాను. ఒడ్డు మీదికి చూసి, గొంతు చించుకుని పిలిచాను.

"తుకారాం!"

*

తుకారాం కుంచె చేతిలోనే పట్టుకుని వచ్చాడు. నేను వెదురు చీల అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది ఎవరిది?"

"నాకేం తెల్సు వదినె?"

"వదినె అనకు. ఇది ఎవరిదో చెప్పు."

అతను మధుసూదన్ గారి ముఖం చూశాడు. "నేను పెయింటర్ని. తీగెల జోలికి నేనెందుకు పోత?"

"రెండో పూత నువ్వే వేసినవు గద. ఈ చీల మీద రెండో పూత ఉన్నది. చీల ముందు కొట్టిన్రా, పూత ముందు వేసిన్రా?"

కుంచె కొసనుంచి చుక్కలు అతని కాలి మీద పడుతున్నాయి.

"మా ఆయన ఆ వారమంత ఏడ ఉన్నడు తుకారాం? నీకు తెల్సు. మా తలుపు ముందటినుంచే రోజూ పనికి పోయినవు. తలుపు సందులకెల్లి మా ఆయన, 'తుకారాం భాయ్, బయట ఎట్లున్నది?' అని నిన్ను అడగలేదా? 'ఇప్పుడే బయటికి రాకు భాయ్, లోపలనే ఉండు' అని నువ్వు చెప్పలేదా? ఇంట్ల ఉన్నోడు ఇక్కడికొచ్చి నీ రంగు కింద చీల కొట్టిండా?"

తుకారాం కుంచె పక్కన పెట్టాడు. "మర నీళ్లల్ల పడ్డది వదినె. ట్యాంకు వెనక పసుపు పోవాలంటే తీగె ఇప్పాలె గద. ఇప్పిన. చెయ్యి జారి మర నీళ్లల్ల పడ్డది. సాబ్ సాయంత్రంకల్ల కావాలన్నడు. ఏం చెయ్యాలె? తీగె ఏలాడకుంట చీల కొట్టిన. తీగెను పట్టుకునే దానికే మర ఉన్నదనుకున్న. దానివల్ల ముల్లు తిరుగుతదని నాకెట్ల తెల్సు?"

"నీకు తెల్వదు. ఒప్పుకుంట. ఆదివారం సాయంత్రం ఆయనను తీస్కపోయినప్పుడు?"

"అప్పుడు సుత సమజ్ కాలే. నిన్న అయ్యింది."

"నిన్న అయ్యింది. ఈ పొద్దు కుంచె పట్టుకొని నిలబడ్డవు."

అతను ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు అనుకుంటే కొంచెం కలుగుతుంది, ఆనాడు మాత్రం లేదు. మధుసూదన్ గారు కూడా అతన్ని తిట్టడానికి నోరు తెరిచాడు. నేను అడ్డం పోయాను.

"అతన్ని తర్వాత తిట్టండి సాబ్. మొదటి పూత సోమవారం, రెండో పూత మంగళవారం. మీరు రాసుకున్నది బుధవారం. అంటే మీరు చూసిననాటికే ముల్లు చెడిపోయింది. ట్యాంకుల పన్నెండు గ్యాలన్లు ఎన్నడూ లేవు. లేని పెట్రోలును ఎవరు దొంగతనం చేస్తరు?"

ఆయన డయల్ వైపు చూశాడు, చీల వైపు చూశాడు, ఒడ్డు వైపు చూశాడు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. "కాగితం రాసిస్తాను. పద" అన్నాడు.

*

ఇంగ్లీషులో రాశాడు. అర పేజీ. కింద సంతకం పెట్టి నాకు అందించాడు. నేను టీచరమ్మకు ఇచ్చాను. ఆమె ముందు తనలో తాను చదువుకుని, తర్వాత పైకి చదివి తెలుగులో చెప్పింది.

"పెట్రోలు లోటు విషయంలో గట్టి సాక్ష్యం లేనందువల్ల, మిస్త్రీ జిలానీ భార్య వచ్చి ప్రాధేయపడినందువల్ల, ఆమె మీద దయ తలచి అతన్ని వదిలేయమని సిఫారసు చేస్తున్నాను."

"అంతేనా?" అన్నాను.

"అంతే."

"నేనెప్పుడు ప్రాధేయపడ్డ? మీ కాళ్లు పట్టుకున్ననా సాబ్?"

"అమ్మా, అది రాసే పద్ధతి. అట్లా రాస్తేనే ఠాణావాళ్లు వదులుతారు. తీసుకుని వెళ్లు."

"ముల్లు చెడిందని లేదు. చీల సంగతి లేదు. మీరు కర్ర ముంచకుంటనే రాసుకున్నరని లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. అసలు సంగతి అక్కడుంది. లిస్టులో ఉన్నది ఆయన చేతిరాత. నిజం రాయాలంటే తన తప్పు తన చేత్తో రాయాలి.

"నీకు మాట కావాలా, మనిషి కావాలా?" అన్నాడు. "ఒంటిగంట దాటింది. నాలుగింటికి లారీ. మాటలకోసం కూర్చుంటావో, మొగుణ్ని తెచ్చుకుంటావో నువ్వే ఆలోచించుకో."

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఖమర్, ముందు మనిషి బయట పడనీ. మిగతాది తర్వాత చూద్దాం" అంది. ఆమె మంచికే అంది. నేను ఆ కాగితం వైపు చూశాను. నల్లటి గీతలు. ఆ గీతల్లో మా ఆయన ఇంకా దొంగే. దయ ఉన్నన్ని రోజులు బయట ఉండే దొంగ. దయ తీరిననాడు, ఇంకెక్కడైనా ఒక డబ్బా పెట్రోలు తగ్గిననాడు, 'ఆనాడు వదిలేసిన తురక మిస్త్రీ ఉన్నాడు కదా' అని మళ్లీ తలుపు కొడతారు. కానీ నాలుగింటికి లారీ పోతే? ఆయన వాచిన పెదవి కళ్లముందు కదిలింది.

"ఈ కాగితం నాకొద్దు" అన్నాను.

"ఖమర్!" అంది టీచరమ్మ.

"వద్దు టీచరమ్మా. దొంగతనం చేసినోనికి దయ కావాలె. నా మొగునికి ఎందుకు?"

మధుసూదన్ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. "సరే, నీ ఇష్టం. లారీలో పోనీ."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న తుకారాం మాట్లాడాడు. "సాబ్, నేను మేజర్ సాబ్ బంగళాకు సున్నం ఏసినోన్ని. ఆ ఇల్లు నాకు ఎరుకే. ఆ చీల, ఆ తీగె తీస్కొని ఇప్పుడే పోతా. ముల్లు ఎప్పుడు చెడిందో చెప్తా. తప్పు నాదంటా. లిస్టు ఎప్పుడు రాసిన్రో సుత చెప్తా."

"నీ పని పోతుంది తెలుసా?"

"పోతే పోనీ సాబ్. నిన్న రాత్రి అన్నం లోపలికి పోలే నాకు."

ఆయన మడిచిన కాగితం చింపి, కొత్తది తీశాడు. ఆ కలం అంత గట్టిగా నొక్కుతూ రాయడం నేనెక్కడా చూడలేదు. టీచరమ్మ మళ్లీ చదివింది. పెయింటు పనిలో తీగె మర పోయి డయల్ తప్పుగా చూపిందని, తాను ట్యాంకును కర్రతో కొలవకుండా డయల్ చూసి రాసుకున్నానని, పెట్రోలు ఏదీ పోలేదని, జిలానీ మీద ఏ నేరమూ లేదని ఉంది. తుకారాం కింద వేలిముద్ర వేశాడు. టీచరమ్మ సాక్షి సంతకం పెట్టింది.

నేను కాగితం తీసుకుని లేస్తుంటే మధుసూదన్ గారు అన్నాడు. "ఇంత మొండితనం మంచిది కాదమ్మా."

ఆయనకు చెప్పాలనుకున్నవన్నీ చెప్తే నాలుగు దాటుతుంది.

*

ఠాణాకు చేరేసరికి లారీ వచ్చి ఆగి ఉంది. వెనక రేకు దింపి ఉంది, లోపల అప్పటికే మనుషులు కూర్చుని ఉన్నారు. టీచరమ్మ గొడుగు ఊపుతూ నాకంటే ముందు పరుగెత్తింది. జమేదారు కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ చదివాడు. రెండుసార్లు చదివాడు. లోపలికి పోయి ఇంకెవరికో చూపించాడు. ఆ కాసేపూ నేను లారీ డ్రైవర్ ముఖం చూస్తూ నిలబడ్డాను, వాడు బండి ఎక్కితే ఏం చేస్తానో నాకే తెలియదు.

మా ఆయనను బయటకు తెచ్చారు. కుడికాలు ఈడ్చి నడుస్తున్నాడు. వెలుతురుకు కళ్లు చికిలించి నన్ను చూశాడు.

"తిరుగు తీగేనా?" అన్నాడు.

"అదే."

"నేను చెప్పలే?" అన్నాడు, వాచిన నోటితోనే.

జమేదారు మీసం దువ్వుకుంటూ అన్నాడు. "నసీబు మంచిదిరా నీది. పెద్ద సాబ్ దయ చేసిండు. ఇటు తిరిగి సలాం కొట్టి పో."

మా ఆయన చెయ్యి అలవాటుగా లేచింది. నుదుటిదాకా పోకముందే నేను మణికట్టు పట్టుకుని కిందికి లాగాను. ఆయనకు నొప్పి పుట్టిందేమో, "అబ్బా" అన్నాడు.

"జమేదార్ సాబ్, ఆ కాగితం మల్లొకసారి చదువు" అన్నాను. "దయ అనే మాట ఏడున్నదో నాకు వేలు పెట్టి చూపియ్యి."

జమేదారు కాగితం వైపు చూడలేదు, నావైపే చూశాడు. నేను చెయ్యి చాచి నిలబడ్డాను, ఆయన కాగితం మీద ఠాణా ముద్ర వేసి తిరిగి ఇచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు.